ఒంటిచేతి చదువు

కార్తీకంలో మా శ్రీకాకుళం జిల్లా ఉద్దానానికి కాస్త తీరిక చిక్కుతుంది. తుపాను భయం పూర్తిగా పోదు గానీ వానలు వెనకపడతాయి. వరి ఇంకా కోతకు రాదు, జీడితోటలు ఇంకా పూతకు రావు. తేలినీలాపురం చింతచెట్ల మీద గూడబాతుల సందడి మొదలై ఉంటుంది. నవంబరు 9 కథకుడు కాళీపట్నం రామారావు (కారా) మాస్టారి పుట్టినరోజు. 14 నుంచి 20 దాకా గ్రంథాలయ వారోత్సవాలు. అందుకే ఈ నెల రాగానే పూండిలో, పలాసలో, టెక్కలిలో నాకు తెలిసిన చదువరులందరినీ పలకరించి, ఇప్పుడు చేతిలో ఏ పుస్తకం ఉందని అడగడం నాకు అలవాటు.

ఈసారి విన్న జవాబుల్లో ఒకటి నన్ను పట్టుకుని వదలడం లేదు. ముందు దాని సంగతే చెప్తాను.

వజ్రపుకొత్తూరు వైపు ఒక ఊళ్ళో నాకు మావ వరసయ్యే కొబ్బరి రైతు ఉన్నాడు. ఉద్దానంలో ఎన్నో ఇళ్ళకు వచ్చిన కిడ్నీ జబ్బే ఆయనకూ వచ్చింది. కవిటి, సోంపేట, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు మండలాల్లో ఈ జబ్బు ఎందుకొస్తోందో ఏళ్ళ తరబడి పరిశోధిస్తున్నా ఇదీ కారణమని ఇంకా తేలలేదు. ఆయన వారానికి మూడుసార్లు డయాలసిస్‌కు పలాస వెళ్తాడు. వెళ్ళిన ప్రతిసారీ నాలుగు గంటలు మంచం మీద ఉండాలి. ఎడమ చేతికి ఫిస్టులా వేశారు. అందులోకి రెండు సూదులు గుచ్చుతారు. ఒకదాంట్లోంచి రక్తం యంత్రంలోకి వెళ్తుంది, రెండోదాంట్లోంచి తిరిగి ఒంట్లోకి వస్తుంది. ఆ నాలుగు గంటలూ ఆ చెయ్యి కదపకూడదు. మిగిలింది కుడి చెయ్యొక్కటే.

ఒక చేత్తో పుస్తకం చదవడం ఎలాగో ఆయన దగ్గర కూర్చుని చూశాను. బొటనవేలు రెండు పేజీల నడిమి మడతలో ఉంటుంది. చూపుడువేలు, నడిమివేలు అట్ట వెనక ఆనుతాయి. చిటికెనవేలు కింద ఆసరాగా నిలబడుతుంది. పేజీ తిప్పాలంటే పుస్తకాన్ని గుండెల మీద వాల్చి, బొటనవేలిని మెల్లగా పక్క కాగితం కిందికి జరిపి, గడ్డంతో రెండో వైపు అదిమి పట్టి, మళ్ళీ పైకెత్తాలి. గట్టిగా బైండు చేసిన కొత్త పుస్తకమైతే వేలు కాస్త సడలగానే దానంతటదే మూసుకుపోతుంది. నడుమ పిన్నులు కొట్టిన పల్చటి పుస్తకమైతే చెప్పినట్టు వింటుంది. ఒక గంట గడిచేసరికి మణికట్టు లాగుతుంది. అక్షరం చిన్నదైతే పుస్తకాన్ని ముఖానికి దగ్గరగా పట్టాలి, అప్పుడు చెయ్యి మరీ తొందరగా అలిసిపోతుంది.

మొదటిసారి నేను తీసుకెళ్ళింది అయిదొందల పేజీల నవల. ఆయన అటూ ఇటూ తిప్పి చూసి, నన్ను నొప్పించకుండానే తిరిగిచ్చేశాడు. "మంచి పుస్తకమేరా అల్లుడా, కాదన్ను. దీన్ని పట్టుకోడానికే ఇంకో మనిసి కావాలి" అన్నాడు.

ఈ నెల ఆయన చదువుతున్నది రాహుల్ సాంకృత్యాయన్ 'ఓల్గా నుంచి గంగకు', చాగంటి తులసి అనువాదం. అదీ పెద్ద పుస్తకమే కదా, ఎలా చదువుతున్నావని అడిగాను. దిండు కిందనుంచి సన్నటి పొత్తం ఒకటి తీసి చూపించాడు. అసలు పుస్తకం క్రీస్తుపూర్వం 6000 నుంచి 1942 దాకా నడిచే 20 కథలది. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పల్లెసారథి దగ్గర తీరం దాటిన రోజు ఆయన ఇంటి రేకులు ఎగిరిపోయాయి. పెట్టెలో పుస్తకాలన్నీ నానిపోయాయి. ఎండబెట్టుకున్నాక కాగితాలు ఉబ్బి, జిగురు ఊడి, ఈ పుస్తకం వెన్ను విడిపోయింది. అలాగే దాచుకున్నాడు. జబ్బు వచ్చాక ఒకరోజు బ్లేడు తీసుకుని కథకు కథ విడదీసి, ప్రతి కథకూ దబ్బనంతో మూడేసి కుట్లు వేసి, పాత క్యాలెండరు అట్టలు తొడిగి, 20 పుస్తకాలు చేశాడు. పైన బాల్ పెన్నుతో కథ పేరు రాశాడు. ఆస్పత్రికి వెళ్ళినప్పుడల్లా ఒకటి జేబులో పెట్టుకుంటాడు.

పుస్తకాన్ని కొయ్యడమంటే నాకు ప్రాణం మీదికొస్తుంది. కానీ ఈ కోత చూశాక పుస్తకాన్ని ఇంతకంటే గౌరవించిన మనిషి మా ప్రాంతంలో ఉన్నాడా అనిపించింది. అక్కడితో ఆగలేదు. పక్క మంచాలవాళ్ళు అడిగి తీసుకోవడం మొదలెట్టారు. ఒకే పుస్తకంగా ఉంటే ఒక్కరే చదవాలి. ఇప్పుడు ఒక మంచం మీద వేదకాలం నడుస్తుంటే పక్క మంచం మీద అక్బరు కాలం నడుస్తోంది. అందరికంటే ఎక్కువ చేతులు మారింది 'రేఖా భగత్' కథట. కారన్‌వాలిస్ తెచ్చిన శాశ్వత పరిష్కారం కింద నలిగిపోయిన రైతు కథ అది. బీహారు రైతు కథ ఇక్కడివాళ్ళకు ఎందుకంత పట్టిందో మందస చరిత్ర తెలిసినవాళ్ళకు చెప్పక్కర్లేదు. 1940 మార్చిలో అఖిల భారత కిసాన్ సభ మహాసభ పలాసలోనే జరిగింది. దానికి అధ్యక్షత వహించాల్సింది రాహుల్ సాంకృత్యాయనే. సభకు ముందే ప్రభుత్వం ఆయన్ను అరెస్టు చేసింది. ఆ మహాసభ ముగిసిన కొద్ది రోజులకే, ఏప్రిల్ 1న, మందస జమీందారీకి ఎదురుతిరిగిన గుడారి రాజమణిపురం రైతుల మీద పోలీసులు కాల్పులు జరిపారు. వీర గున్నమ్మ ప్రాణాలిచ్చింది అప్పుడే. పలాసకు రావలసిన మనిషి జైలుకు వెళ్ళి అక్కడ రాసిన కథలు, ఇన్నేళ్ళకు పలాస మంచాల మీదికి ఇలా చేరాయి. ఈ మాట మావతో అంటే కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "అయితే మనకి బాకీ తీర్చీసినాడన్నమాట" అన్నాడు.

ఆయన తర్వాత చదివింది కారా మాస్టారి 'యజ్ఞం'. పొడుగాటి కథ, కానీ ఒక్క డయాలసిస్‌లో అయిపోతుంది. అప్పల్రాముడి అప్పు, శ్రీరాములునాయుడి పెద్దరికం, చివర సీతారాముడు కన్నకొడుకునే నరికెయ్యడం. ఆ ముగింపు మీద తెలుగు విమర్శకులు దశాబ్దాలుగా వాదించుకుంటూనే ఉన్నారు. ఆ వార్డులోనూ వాదన లేచిందట. తండ్రి అలా చెయ్యడు, రచయిత చేయించాడు అని ఒకరు. మావ ఒప్పుకోలేదు. "ఆస్పత్రి అప్పులు చూసినోడివి, నువ్వే ఆ మాటంటే ఎలా? కొడుక్కి ఏటి మిగిల్చి ఎల్తామని మనం రోజూ లెక్కెట్టుకోవడం లేదేటి?" అన్నాడట. నేను ఆ కథను చాలాసార్లు చదివాను, దాని మీద సభల్లో మాట్లాడాను. ఆ వార్డువాళ్ళు చదివిన చోటునుంచి నేనెప్పుడూ చదవలేదు.

చేతులను బట్టి చదువు మారడం ఇంకోచోట కూడా చూశాను. పలాస-కాశీబుగ్గ జీడిపప్పు కార్ఖానాల్లో పనంతా ఆడవాళ్ళ వేళ్ళ మీదే నడుస్తుంది. పిక్క కొట్టేటప్పుడు జీడి నూనె అంటితే చర్మం పొక్కుతుంది. బూడిద రాసుకుని కూర్చున్నా వేళ్ళు నల్లబడక మానవు. పొట్టు తీసేవాళ్ళకు ఆ బాధ తక్కువ గానీ గింజ విరక్కూడదు. గుండు పప్పుకున్న ధర బద్దకు రాదు. ఈ చేతులతో పని మధ్యలో కాగితం తిప్పడం కుదరదు. అందుకని వాళ్ళు ఫోను పక్కన పెట్టుకుని వింటున్నారు. పూండి నుంచి పనికి వెళ్ళే ఒక అప్ప ఈ నెలంతా యద్దనపూడి నవలలు వింటోంది. అవి అయ్యాక కిరణ్ ప్రభ గారి ప్రసంగాల్లో పాత రచయితల జీవితాలు, 'హర్షణీయం' పాడ్‌కాస్టులో కథలు. ఒక కథ నచ్చితే ఆదివారం చేతులు కొబ్బరినూనెతో తుడుచుకుని, సబ్బు పెట్టి కడుక్కుని, అచ్చు పుస్తకం కోసం వెతుకుతుందట. "ఇన్నప్పుడు కత బేగి ఎల్లిపోద్ది. కాగితమ్మీదయితే నాకు నచ్చిన కాడ ఆపుకుంటాను" అంది. పుస్తకం ముట్టుకోని రోజుల్లో కూడా ఆమెను నేను చదువరిగానే లెక్కేస్తాను. కథ వింటూ గింజ విరగ్గొట్టకుండా పొట్టు తీసే ఆ ఏకాగ్రత నాకు లేదు.

మిగిలినవాళ్ళ సంగతి క్లుప్తంగా చెప్తాను. విశాఖ ప్యాసింజరులో రోజూ పూండిలో ఎక్కే ఒక మాస్టారు తల్లావజ్ఝల పతంజలి శాస్త్రి 'రామేశ్వరం కాకులు' చదువుతున్నారు. 2023లో దానికి కేంద్ర సాహిత్య అకాదెమీ పురస్కారం వచ్చింది. స్టేషనుకో పేజీ తప్ప సాగడం లేదట. కథ కష్టమై కాదు, ప్రతి పేజీ దగ్గరా ఆగి కిటికీలోంచి చూడబుద్ధవుతోందన్నారు. పోటీ పరీక్షలకు తయారవుతున్న కుర్రాళ్ళ బల్లల మీద బిట్‌బ్యాంకులే ఉన్నాయి. అందులో ఒకడి సంచిలో మాత్రం ప్రసాద్ సూరి నవల 'మైరావణ' కనిపించింది. 2025లో అకాదెమీ యువ పురస్కారం అందుకున్న పుస్తకం. రాత్రి తొమ్మిది దాటాక చదువుతాడట. యండమూరికి ఇప్పటికీ గిరాకీ తగ్గలేదు, తగ్గాలని నేను కోరుకోను కూడా. మా వైపు ఎంతోమందికి పుస్తకం పట్టుకునే అలవాటు చేసింది ఆ నవలలే.

నాకు గట్టిగా అనిపిస్తున్న మాట ఒకటుంది. చదివేవాళ్ళు తగ్గిపోయారని సభల్లో అందరం తేలిగ్గా అనేస్తున్నాం. ఉద్దానంలో చదివేవాళ్ళున్నారు. వాళ్ళ చేతుల్లో ఇమిడే పుస్తకాలు తగ్గిపోయాయి. నెలకో నవల ఇచ్చిన 'చతుర' ఇప్పుడు అచ్చులో లేదు. మంచి కథలన్నీ సమగ్ర సంపుటాలై, అట్ట గట్టిదై, బరువు పెరిగి, ధర పెరిగి అల్మారాల్లోకి చేరుతున్నాయి. సమగ్ర సంపుటాలు కావాలి, కాదనను. 1997లో శ్రీకాకుళంలో కథానిలయం తెరిచి, తెలుగు కథ అన్నది ఎక్కడ అచ్చయినా ఒకచోటికి చేర్చాలని కారా మాస్టారు పడ్డ తపన వల్లే ఇవాళ ఆ కథలు మనకు మిగిలాయి. అలా చేరిన కథలు ఇప్పుడు ఒక్కొక్కటిగా బయటికి రావాలి. ఒక కథ, పెద్ద అక్షరం, మధ్యలో రెండు పిన్నులు, జేబులో పట్టే సైజు. ఏ ప్రచురణకర్తకైనా ఇది చేతకాని పని కాదు.

గ్రంథాలయాలూ కదలాలి. మనం కట్టే ఇంటి పన్ను మీద రూపాయికి 8 పైసలు గ్రంథాలయ పన్నుగా వెళ్తోంది. మావ కూడా కడుతున్నాడు. ఆయన గ్రంథాలయం దాకా వెళ్ళలేడు, కాబట్టి గ్రంథాలయమే ఆయన మంచం దాకా రావాలి. ఇదేమీ వింత కోరిక కాదు. 1935లో పాతూరి నాగభూషణం గారు పుస్తకాలను పడవకెక్కించి, కాలువ వెంబడి ఊరూరికీ తీసుకెళ్ళారు. మన దగ్గర కాలువ లేకపోతే రోడ్డుంది, ఆటోలున్నాయి. పలాసలో 200 పడకల కిడ్నీ ఆస్పత్రి 2023 డిసెంబరులో మొదలైంది. డయాలసిస్ మంచాలున్న ప్రతి చోటా ఒక చిన్న పుస్తకాల పెట్టె పెట్టి, వారానికోసారి మార్చే మనిషి ఒకరుంటే చాలు. ఈ వారోత్సవాల్లో వక్తృత్వ పోటీలతో పాటు ఈ ఒక్క పనీ జరిగితే ఎంత బాగుంటుందో, ఆ నాలుగు గంటలు ఎవరి పక్కనైనా కూర్చున్నవాళ్ళకు తెలుస్తుంది.

అది ఎప్పుడవుతుందో గానీ వార్డువాళ్ళు ఆగేలా లేరు. 20 కథలూ దాదాపు అందరి చేతుల్లోంచీ వెళ్ళిపోయాయి. తర్వాత ఏమిటని అడిగితే 'కన్యాశుల్కం' అన్నారు. ఎవరికి వారు మనసులో చదువుకోవడం కాదు, పాత్రలు పంచుకుని మంచాల మీదనుంచే పైకి చదువుతారట. ఏడంకాల నాటకం, ఒక్కో అంకం విడదీసి కుట్టాలి. ఈసారి బ్లేడు నాకే ఇచ్చారు. వచ్చే ఆదివారం పూండిలో కూర్చుని ఆ పని చెయ్యాలి. గిరీశం కోసం ఇద్దరు పోటీ పడుతున్నారు, వాళ్ళిద్దరికీ డయాలసిస్ ఒకే పూట పడటంతో తగువు తేలడం లేదు. మధురవాణి మాటలు చదవడానికి కవిటి వైపు అప్ప ఒకావిడ ఒప్పుకుంది. మావ మాత్రం రామప్పంతులు తనదేనని, వేరెవరికీ ఇవ్వనని అప్పుడే చెప్పేశాడు.