గ్రీజుగన్ను

ఉద్యోగం విరమించిన మగవాడికి ఏదో ఒక పిచ్చి పట్టకపోతే ఇంట్లో ఆడవాళ్ళకు పిచ్చెక్కుతుందని పెద్దలు చెప్పలేదు గాని, చెప్పి ఉండవలసింది. కొందరికి తోటపని పిచ్చి, కొందరికి పేకాట పిచ్చి, కొందరికి ఆరోగ్యం పిచ్చి. నాకు పట్టిన పిచ్చి పేరు స్పిట్‌ఫైర్.

రెండో ప్రపంచ యుద్ధంలో ఇంగ్లీషువాళ్ళ యుద్ధవిమానానికి ఉన్న పేరది. 1962లో ట్రయంఫ్ వాళ్ళు ఆ పేరునే ఒక చిన్న స్పోర్ట్సు కారుకు పెట్టుకున్నారు. రెండే సీట్లు, గుడ్డ టాపు. లోపల కూర్చుని చెయ్యి బయటికి చాస్తే నేల అందుతుంది. 1980లో ఆపేసేనాటికి మూడు లక్షలకు పైగా తయారైనవి. అవి పుట్టిన కాన్లే ఫ్యాక్టరీ నేను ముప్పైయేళ్ళుగా కాపురముంటున్న కావెంట్రీ ఊళ్ళోనే ఉండేది. ఇక్కడి ఆసుపత్రిలో అన్నేళ్ళూ జనానికి మత్తుమందు ఇచ్చి నిద్రపుచ్చాను. 2020లో ఆ పని మానేశాక నాకు నిద్ర పట్టడం మానేసింది. 2021లో, ఒక పల్లెటూళ్ళో గొర్రెల పాకలో ఇరవయ్యేళ్ళుగా పడి ఉన్న 1978 నాటి స్పిట్‌ఫైర్‌ను లారీ మీద వేయించి ఇంటికి తెచ్చాను.

మా ఆవిడ దాని చుట్టూ ఒక ప్రదక్షిణం చేసింది. పైకి చూసింది, కిందికి చూసింది.

"టాపు లేదు. తుప్పు పట్టి నేలా లేదు. మధ్యన ఉన్నదానికేనా మీరు డబ్బిచ్చింది?" అన్నది.

నిజం చెప్పాలంటే నేను డబ్బిచ్చింది ఆ మధ్యన ఉన్నదానికి కూడా కాదు. మా నాన్నగారి హెరాల్డ్‌కి.

ఈ రెంటికీ ఉన్న చుట్టరికం చెబుతాను. 1959లో ఇంగ్లండులో ట్రయంఫ్ హెరాల్డ్ అనే కారు వచ్చింది. దాని రూపురేఖలు దిద్దినవాడు మికెలొట్టి అనే ఇటలీ ఆయన. 1961 నుంచి మద్రాసులో స్టాండర్డ్ వాళ్ళు దాన్నే స్టాండర్డ్ హెరాల్డ్ పేరుతో తయారు చేశారు. ఆ హెరాల్డ్ చట్రాన్నే కత్తిరించి, పొట్టి చేసి, దానిమీద అదే ఇటలీ ఆయన చేత కొత్త ఒళ్ళు గీయించి ఇక్కడివాళ్ళు స్పిట్‌ఫైర్ చేశారు. ముందు చక్రాల అమరిక రెంటికీ ఒకటే. ఇంజను మీది మూతా ఒకటే తరహా. మడ్‌గార్డులతో సహా ముందు భాగమంతా ఒక్కటిగా ముందుకు తిరగబడుతుంది. చక్రం మీద దర్జాగా కూర్చుని ఇంజను పని చేసుకోవచ్చు.

నేను మొట్టమొదట అలా కూర్చున్నది తెనాలిలో, ఏడేళ్ళ వయసులో.

నాన్నగారు వకీలు. 1969లో గుంటూరులో ఒకరి దగ్గర పాత హెరాల్డ్ కొన్నారు. నడపడం ఆయనకు రాదు. నేర్చుకోవడం ఆయన హోదాకు తగదు. అందుకని ఒక డ్రైవరును పెట్టుకున్నారు. పేరు రాయను, ఆయన మనుమలున్నారు. పిల్లలం డ్రైవరు బాబాయి అనేవాళ్ళం. నడపడం ఆయన వంతు, సంరక్షణ నాన్నగారి వంతు. ప్రతి ఆదివారం కారుకు అభ్యంగనం. నాన్నగారు పడక్కుర్చీలో కూర్చుని చెప్పేవారు. గ్రీజుగన్ను పుచ్చుకుని నేను కిందికి దూరేవాణ్ణి. నిప్పిలు గుడ్డతో తుడిచి, గన్ను తగిలించి, బలం కొద్దీ కొట్టడం.

"కొత్త గ్రీజు బయటికి కనబడేదాకా కొట్టరా! గ్రీజు దగ్గర పిసినారితనం పనికిరాదు" అనేవారు.

ఊళ్ళో ఏ కారుకూ ఇంత సేవ జరగడం లేదని మా ఇద్దరికీ గర్వంగా ఉండేది.

1974లో, వానలు వెనకబట్టాక ఒకనాడు, దుగ్గిరాల నుంచి మా పిన్నిని తీసుకురమ్మని డ్రైవరు బాబాయిని పంపించారు. పొద్దుపోయాక ఆయన ఒక్కడే, మోచెయ్యి చీరుకుపోయి, కాలినడకన తిరిగివచ్చాడు. కాలవగట్టు దిగే మలుపులో ఎడమ చక్రం లోపలికి మడిచిపెట్టుకుని కారు కూలబడిందట. ఇంకో గజం జారితే కాలవలో ఉండేది.

"మెల్లిగానే వస్తున్నానండి బాబుగారూ. మలుపు గదా అని స్టీరింగు తిప్పాను. చక్రం కూర్చుండిపోయింది" అన్నాడు.

"చక్రాలు వాటంతటవి కూర్చోవు" అన్నారు నాన్నగారు.

కోర్టులో అయితే అవతలి వకీలు ఏదో ఒకటి అనేవాడు. మా వరండాలో అవతలి వకీలు లేడు. దూకుడుగా తోలాడనీ, తోలి అబద్ధమాడుతున్నాడనీ తీర్పయింది. మర్నాడే ఆయన్ని మానిపించారు. వకీలుగారు మానిపించిన డ్రైవరును ఊళ్ళో ఇంకెవరు పెట్టుకుంటారు? లారీల మీదికి వెళ్ళాడని విన్నాం. నేను ఆయన వైపు ఒక్క మాట అనలేదు. పన్నెండేళ్ళవాణ్ణి, అనగలిగేవాణ్ణీ కాదు. కాని అనలేకపోవడం కాదు అసలు సంగతి. నాన్నగారి మాటే నిజమని నేనూ నమ్మాను.

మద్రాసు నుంచి సామాను తెప్పించి కారు బాగుచేయించారు. రెండేళ్ళకు అమ్మేశారు.

ఇక నా స్పిట్‌ఫైర్ సంగతి. రెండు చలికాలాలు పట్టింది. హెరాల్డ్‌కి చట్రానికి రెండు పక్కలా కొమ్మలుంటాయి, ఒంటి బరువు అవి మోస్తాయి. స్పిట్‌ఫైర్‌కి అవి తీసేశారు. తలుపుల కింద పెట్టెల్లాగా ఉండే రేకు దూలాలే ఆ బరువు మొయ్యాలి. నా కారుకు ఆ దూలాలు అప్పడాల్లా ఉన్నాయి, వేలు పెడితే వేలు దిగింది. వాటిని కోసేముందు తలుపు సందులో అడ్డంగా ఇనప కడ్డీలు బిగించుకోవాలి. లేకపోతే కారు నడుము వంగుతుంది, కొత్త దూలం అతికాక తలుపు పట్టదు. ఈ సంగతి ముందే చదివాను గనక బతికిపోయాను. రాత్రి బడికి వెళ్ళి వెల్డింగు నేర్చుకున్నాను. నా మొదటి అతుకులు చూసి మా ఆవిడ, "మీ కుట్లు ఇలాగే ఉంటాయా? మీరు సర్జను కాకపోవడం రోగుల అదృష్టం" అన్నది.

ఇంజనుకు రెండు కార్బురేటర్లు. రెండూ సమంగా గాలి పీలుస్తున్నాయో లేదో తెలుసుకోవడానికి రబ్బరు గొట్టం ఒక కొస చెవిలో, రెండో కొస కార్బురేటరు నోటి దగ్గర పెట్టి ఆ బుస వినాలి. జీవితమంతా ఊపిరులు విన్నవాణ్ణి, ఆ ఒక్క పని మాత్రం మొదటిసారే కుదిరింది.

2022 డిసెంబరులో ముందు చక్రాల దగ్గరికి వచ్చాను. చక్రాన్ని నిలబెట్టేది నిలువుగా ఉండే ఒక ఇనప కడ్డీ. దాని కింది కొసకు మర ఉంటుంది. ఆ మర ట్రనియన్ అనే ఇత్తడి దిమ్మలో దిగి ఉంటుంది. స్టీరింగు తిప్పినప్పుడల్లా మర ఆ దిమ్మలో ఇటూ అటూ తిరుగుతుంది. కారు ముందు భారమంతా ఆ చోట ఉంటుంది. ఎడమవైపుది విప్పబోతే రాలేదు. కాచి, కొట్టి, బతిమాలి బయటికి లాగాను. దిమ్మ నిండా గ్రీజు, ఎండిపోయి పాత బెల్లంలా గట్టిపడి ఉన్నది. దాని వెనక నీళ్ళు చేరి మరను తుప్పు తినేసింది. కడ్డీ మెడ దగ్గర వెంట్రుకంత పగులు కనిపించింది.

ఇన్ని గ్రీజు కొట్టినా ఇలా ఎందుకయిందని పాత మాన్యువల్ తెరిచాను. కింది ట్రనియన్‌కి పొయ్యవలసింది గ్రీజు కాదు. గేరుపెట్టెలో పోసే చిక్కటి నూనె, 90 నంబరుది. నూనె మర సందుల్లోకంటా పాకుతుంది. గ్రీజు వెళ్ళినచోటే కూర్చుని ఎండిపోతుంది, నూనె పోవలసిన దారి కూడా మూసేస్తుంది. ఆ పైన తుప్పు, బిగుసుకోవడం, విరగడం. అక్కడ నిప్పిలు బిగించి ఉంటే చూసినవాడికి గ్రీజు కొట్టాలనే తోస్తుంది.

మా పక్కింటి ముసలాయన వయసులో ఉండగా కార్ల ఫ్యాక్టరీలో పనిచేసినవాడు. టీ కప్పు పుచ్చుకుని వచ్చి ఆ కడ్డీ చూశాడు.

"అదృష్టవంతుడివి. విరగబోయేముందు చూశావు" అన్నాడు.

"వేగంగా పోతుంటే విరుగుతుందా?" అని అడిగాను.

"అలా అనుకుంటారుగాని, ఎక్కువగా మెల్లిగా పోతున్నప్పుడే. స్టీరింగు బాగా తిప్పితే కడ్డీ మెలిపడుతుంది. మలుపుల్లో, కారు నిలబెట్టుకునేచోట. చక్రం లోపలికి మడుచుకుని కారు కూలబడుతుంది."

టీ చల్లారిపోయింది. ఆయన ఎప్పుడు వెళ్ళాడో నాకు తెలియదు. షెడ్డులో దీపం కింద ఆ కడ్డీ చేతిలో పట్టుకుని కూర్చున్నాను. మెల్లిగానే వస్తున్నానండి బాబుగారూ. స్టీరింగు తిప్పాను. చక్రం కూర్చుండిపోయింది. నలభై ఎనిమిదేళ్ళ కిందట ఒక మనిషి మా వరండాలో నిలబడి, మాన్యువల్ చదివినట్టుగా, ఉన్నదున్నట్టు చెప్పాడు.

హెరాల్డ్ విరిగిన కడ్డీ నా దగ్గర లేదు. శవాన్ని చూడకుండా మరణకారణం రాయడం నాకు ఇష్టం ఉండదు. కాని లక్షణాలన్నీ అవే. ఇంకొక సంగతి కూడా దాచలేను. దూకుడుగా తోలినవాడు లేడు. ఆదివారం ఆదివారం పిసినారితనం లేకుండా గ్రీజు కొట్టినవాడు ఉన్నాడు.

మా ఆవిడకు చెప్పాను. అంతా విని, "మరి చెప్పరా?" అన్నది.

"ఎవరికి? నాన్నగారు 1998లోనే పోయారు."

"ఆయనకు కాదు."

తెనాలిలో మా పెద్దనాన్నగారి అబ్బాయి రెండు వారాలు వాకబు చేశాడు. డ్రైవరు బాబాయి 2009లో పోయాడు. కొడుకు మంగళగిరిలో ఆటో సామాన్ల కొట్టు నడుపుతున్నాడు. నంబరు దొరికింది. మూడు రోజులు ఫోను చెయ్యలేకపోయాను. నాలుగోనాడు చేసి, నేనెవరో చెప్పుకుని, ట్రనియన్, గ్రీజు, 90 నంబరు నూనె అన్నీ గడగడా అప్పజెప్పాను. సామాన్ల కొట్టువాడు గనక అతనికి చప్పున అర్థమయింది. కొంతసేపు మాట్లాడలేదు.

"నాన్న పోయేదాకా అంటూనే ఉండేవాడండి, మెల్లిగానే వచ్చానురా అని. మేమూ సరే నాన్నా అనేవాళ్ళం. నమ్మి కాదు డాక్టరుగారూ. పెద్దాయన గదా అని."

తరవాత, "అమ్మ ఉందండి. ఆమెకు మీరే చెప్పండి" అని ఫోను లోపలికి తీసుకువెళ్ళాడు.

ఆమెకు ట్రనియన్ అంటే ఏం తెలుస్తుంది? ఇంకేమీ తోచక, "అమ్మా, ఆ రోజు తప్పు బాబాయిది కాదు. చెయ్యకూడని పని చేసింది మేము. గ్రీజు కొట్టింది నేను" అన్నాను.

"ఆయన తప్పు కాదని నాకు తెలుసు బాబూ," అన్నదామె, ఏ కోపమూ లేకుండా. "ఆయన తొందరపడే మనిషి కాడు. మీకు తెలియడానికే ఇంతకాలం పట్టింది."

ఆ తరవాత నా పిల్లలెందరో, చలిదేశంలో ఒంట్లో ఎలా ఉంటున్నదో అడిగింది. నేను అన్నిటికీ జవాబు చెప్పాను. ఏం చెప్పానో గుర్తులేదు.

కొత్త కడ్డీలు, కొత్త దిమ్మలు వేశాను. షెడ్డులో గ్రీజుగన్ను పక్కన ఇప్పుడు నూనెకు వేరే గన్ను వేలాడుతున్నది. పెద్ద మార్పులు చెయ్యని కారయితే, నలభయ్యేళ్ళు దాటాక ఇక్కడ 2018 నుంచి ఏటేటా తనిఖీ చేయించవలసిన పని లేదు. అయినా నేను చేయించాను. నా తీర్పు మీద నాకు మునుపటంత నమ్మకం లేదు. మీలో ఎవరి పెరట్లోనైనా పాత హెరాల్డ్ ఉంటే, ఒక్కసారి ముందు చక్రాల వెనక వంగి చూడండి. అక్కడ పొయ్యవలసింది నూనె.

2023 మే నెలలో ఒక ఆదివారం మొదటిసారి రోడ్డెక్కాం. మా ఆవిడ జుట్టుకు గుడ్డ కట్టుకుని పక్కన కూర్చున్నది. ఊరు దాటాక మలుపు వచ్చింది.

"ఏమండీ, మెల్లిగా" అన్నది తలుపు పట్టుకుని.

"మెల్లిగానే పోతున్నాను" అన్నాను.

ఆ మాట నా నోట విని ఇద్దరం ఒకరినొకరు చూసుకున్నాం. కారు మలుపు తిరిగింది. చాలా దూరం పోయేదాకా ఇద్దరం మాట్లాడలేదు.