హల్లెలూయా, డప్పు

కిందటి క్రిస్మసునాడు హనుమాన్ జంక్షన్‌లో బస్సు కోసం నిలుచుని వుండగా వూరేగింపు వొకటి వచ్చింది. ట్రాక్టరు మీద మైకులు, ముందు డప్పులు. మైకులో ఇంగ్లీషు పాట, దానికి మన దరువు! డప్పు కొడుతున్నవాళ్లలో నా విద్యార్థి వొకడు. నన్ను చూసి ఆగి, నమస్కారం పెట్టి, మళ్లీ అందుకొన్నాడు.

ఆ పాట పాడిన డాక్టర్ ఆల్బన్ నైజీరియాలో పుట్టి, దంతవైద్యం చదవటానికి స్వీడన్ వెళ్లాడు. చదువు ఖర్చులకోసం స్టాక్‌హోమ్ నృత్యశాలలో రికార్డులు వేస్తూ, మధ్యమధ్య తానూ గొంతు కలిపేవాడు. అతనికి తోడైన డెనిజ్ పాప్ శాస్త్రోక్తంగా సంగీతం నేర్చినవాడు కాడు. యంత్రం మీద దరువులు అతికేవాడు. 1993లో విడి రికార్డుగా విడుదలైన 'సింగ్ హల్లెలూయా'లో వాళ్లు చేసిందేమిటి? కింద యంత్రపు దరువు, పైన నల్లజాతి చర్చిల బృందగానపు తీరు, నడుమ యీ ఆఫ్రికావాడి గొంతు. ఐరోపాలో అనేక దేశాల్లో అది మొదటి పది పాటల్లోకి యెక్కింది.

బానిసల మొరను డాన్సుహాలు సరుకు చేసిందని నాలోని విమర్శకుడు తక్షణం తీర్పు చెప్పాడు. తప్పని యిప్పటికీ అనను. కాని పురుషోత్తమ చౌదరి (1803–1890) క్రీస్తుకథను కర్ణాటక రాగాల్లో కట్టాడు. 1943లో పుట్టిన ప్రజానాట్యమండలి బుర్రకథలోకి పోరాటాన్ని తెచ్చింది. అప్పుడు రూపం యెవరిదని అడగని మనం, పల్లె చర్చి మైకు దగ్గర మాత్రం అభిరుచి మాట యెత్తుతాం! చావుకూ చాటింపుకూ కొట్టితీరవలసిన డప్పును వాళ్లు తమ పండగకు తాము కొట్టుకొంటున్నారే!

సెలవుల తరువాత ఆ కుర్రవాణ్ణి దరువు సంగతి అడిగాను. "మిషను దెబ్బ మారదు సార్. మనం మధ్యలో పుల్ల తిప్పితేనే నడక వస్తుంది" అని బల్లమీద కొట్టి చూపాడు. అరగంట నేను విద్యార్థిని, అతను లెక్చరరు.

వెళుతూ గుమ్మం దగ్గర ఆగాడు.

"సార్, ఆరోజు ఫొటో యేమైనా తీశారా?"

అతని సర్టిఫికెట్‌లో హిందువని వుంది. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవుడికి షెడ్యూల్డు కులం హోదా లేదు. 1956లో సిక్కులకూ, 1990లో బౌద్ధులకూ ఆ తలుపు తెరిచారు, వీళ్లకు తెరవలేదు. మన రాష్ట్రంలో వాళ్లు బి.సి.–సి కింద, వొక్క శాతంలో సర్దుకోవాలి. హల్లెలూయా అన్నందుకు స్కాలర్‌షిప్ మొదలు ఉద్యోగం దాకా పోతుంది.

తీశాను. అతని యెదుటే చెరిపేశాను.