చిన్న విమానము, దాని కీళ్లు

సంఘమువారి సంచిక యనగా పాఠకులు త్యాగరాజస్వామిని గూర్చియో, మన పండుగలను గూర్చియో నాలుగు మాటలు ఎదురుచూచుట సహజము. మేము వ్రాయబూనినది ఆటవిమానపు కీళ్లను గూర్చి. ఎస్.ఎస్.ఎల్.సి.తో చదువు ముగించి, ముప్పది యేండ్లకు పైగా కచేరీలో దస్త్రములు కట్టిన గుమాస్తాకు విమానములతో పని యేమి యని అడుగువారుందురు. బెంగుళూరులో పుట్టి పెరిగినవారికి ఆ పని తప్పదు. 1940లో ఇచ్చట హిందూస్థాన్ ఎయిర్‌క్రాఫ్ట్ కర్మాగారము వెలసినది మొదలు ఈ యూరివారికి తలయెత్తి చూచుట అలవాటైనది. డాక్టర్ ఘాటగే గారి రూపకల్పనలో తయారైన హెచ్.టి.-2 శిక్షణ విమానము 1951లో ఇక్కడనే మొదటిసారి ఎగిరెను. మన తెలుగు కుటుంబములనుండి ఆ కర్మాగారమునకు పనికి పోయినవారును తక్కువ కాదు. మాకు ఆ భాగ్యము లేకపోయినను, మనుమని పుణ్యమా యని విమానము ఇంటికే వచ్చినది.

మా మనుమనికి 14 యేండ్లు. వాడు కట్టిన విమానపు రెక్కల నిడివి సుమారు 5 అడుగులు, బరువు 2 కిలోలు. దక్షిణ అమెరికాలో పెరుగు బాల్సా యను తేలిక కొయ్యతో చట్రము, దానిపై పలుచని ప్లాస్టిక్ పొర, ముక్కున విద్యుత్ మోటారు. చేతిలోని రేడియో పెట్టెపై పుల్లను కదపగా, విమానములోని సెర్వో యను చిన్న యంత్రము ఒక కడ్డీని నెట్టును. ఆ కడ్డీ రెక్క వెనుక అంచుననున్న పలకను పైకో క్రిందికో త్రిప్పును. రెక్కలకుండునవి ఐలెరాన్లు, తోకకు అడ్డముగా నుండునది ఎలివేటరు, నిలువుగా నుండునది రడ్డరు. ఈ పలకలన్నిటిని పట్టియుంచునవి బొటనవ్రేలి గోరంత కీళ్లు. వాడు వానిని హింజిలనును, మేము కీళ్లందుము. మోకాలి కీళ్లతో బాధపడు వయసు మాది గనుక ఆ మాట మాకు నోటికి ముందు వచ్చును.

కీలునకు కావలసిన గుణములు రెండు, అవి ఒకదానికొకటి విరోధులు. తిరుగుటకు వదులుగా నుండవలెను, ఊడకుండుటకు బిగువుగా నుండవలెను. హిందూపురములో మా తాతగారి యింటి వీధితలుపునకు ఇనుప కీళ్లే లేవు. తలుపు మూలనున్న కొయ్యమొన గడపలోని గుంటలో నిలిచి తిరుగుచుండెను. మా నాయనమ్మ ఆ గుంటలో అప్పుడప్పుడు ఆముదము పోయించెడిది.

విమానమునకును ఆ పద్ధతియే. నైలాను కీలు రెండు రేకులు గల చిన్న వస్తువు, నడుమ సన్నని ఇనుప సూది. మొదట రెక్క యంచు మందమునకు సరిగా నడుమ పెన్సిలు గీత గీయవలెను. ఆ గీతపై సన్నని కత్తితో చీలిక చేసి, రేకులను దూర్చి, జిగురు లేకుండ ఒకసారి కూర్చి చూడవలెను. కీళ్లన్నియు ఒకే సరళరేఖలో నుండవలెను. ఒక్కటి ప్రక్కకు జరిగినను పలక బిగుసుకొనును, సెర్వో మూలుగుచు బ్యాటరీని త్రాగివేయును. పలక ముందంచును ఏటవాలుగా చెక్కనిచో అది తగినంత వంగదు. అటుపిమ్మట సూదియున్న కణుపునకు వాసెలిను పూసి, రేకులకు ఆరాల్డైటు పట్టించి లోనికి దింపవలెను. వాసెలిను మా నాయనమ్మ ఆముదమునకు మారు. అది పూసినచోట జిగురు అంటదు. ఆరిన పిదప రేకునకు అడ్డముగా సన్నని రంధ్రము చేసి, టూత్‌పిక్కు ముక్కను జిగురుతో దిగగొట్టి, మిగిలిన కొసను కోసివేయవలెను. జిగురు విడిచినను ఆ చీల రేకును విడువదు.

నేటి కుర్రవారు వాడునది వేరొకటి. గుడ్డవలె పలుచని కీలు. దానికి సూది లేదు, అదియే వంగును. దీనికి నీళ్లవంటి సైనో జిగురు కావలెను. కీలు నడుమ గుండుసూది గ్రుచ్చి, సగము రెక్కలోను సగము పలకలోను దూర్చినచో లోతు ఇరువైపుల సమముగా నుండును. తరువాత సూది తీసి, పలకను దగ్గరకు నొక్కి, కీలుపై ఇరుప్రక్కల నాలుగైదు చుక్కలు వేయవలెను. గుడ్డ ఆ జిగురును తానే లోనికి పీల్చుకొనును. ఇచ్చట తొందర పనికిరాదు. త్వరగా గట్టిపరచు మందు చల్లినచో జిగురు పైననే గడ్డకట్టి, లోపల కీలు పొడిగా మిగులును. పైకి చూచుటకు రెండును ఒక్కటే. సంతకము, ముద్ర సరిగానుండి లోపలి కాగితము లేని దస్త్రములను కచేరీలో మేము చాల చూచియున్నాము.

కీలు ఊడనక్కరలేదు, వదులైనను చాలును. వేగము హెచ్చినప్పుడు గాలి ఆ పలకను పట్టి టపటప కొట్టించును. దీనిని ఫ్లట్టర్ అందురు. అది క్షణములో పెరిగి రెక్కనే విరిచివేయగలదు. ఇది ఆటబొమ్మల జబ్బు మాత్రమే కాదు. 1916లో ఇంగ్లండునందు హాండ్లీ పేజ్ వారి పెద్ద బాంబరు విమానమునకు తోక భయంకరముగా ఊగసాగెను. లాంచెస్టర్ యను పండితుడు పరీక్షించి, కుడి యెడమ ఎలివేటర్లు విడివిడిగా నుండి ఒకటి పైకి, ఒకటి క్రిందికి కొట్టుకొనుటయే కారణమని తేల్చెను. రెంటిని గట్టి గొట్టముతో కలుపుటయే దానికి చికిత్స యయ్యెను. మా మనుమని విమానపు తోకలోను ఎలివేటరు రెండు సగములను కలుపుచు వంచిన ఉక్కుతీగె కలదు.

హెచ్.ఏ.ఎల్., యెలహంక, జక్కూరు, దేవనహళ్లి యని నాలుగు విమానక్షేత్రములున్న ఈ యూరిలో, ఆటవిమానమునకు అనుమతిగల చోటు వెదకికొని చాల దూరము పోవలెను. పోయిన సంక్రాంతి సెలవులలో అట్టి మైదానమునకు పోయితిమి. వాని స్నేహితులు నలుగురు ముందే వచ్చి కాచుకొనియుండిరి. ఎగురుటకు ముందు ప్రతి పలకను చేతితో లాగి చూచుట మా నియమము. ఎడమ ఐలెరాను చివరి కీలు బియ్యపు గింజంత బయటికి వచ్చినది.

"ఇంకా మూడు గట్టిగానే ఉన్నాయి కదా తాతయ్యా, ఒక్కసారే!" అని వాడు బ్రతిమాలెను.

మైదానపు ఆ కొనను చిన్నపిల్లలు క్రికెట్టు ఆడుచుండిరి. రెండు కిలోల వస్తువు గంటకు 60 కిలోమీటర్ల వేగముతో, ఎవరి మాటయు వినక, వారి నడుమ పడినచో ఏమగును? వలదంటిమి. స్నేహితుల యెదుట వానికి తలవంపైనది. ఇంటికి చేరువరకు మాతో మాటలాడలేదు. అన్నము కూడ వాళ్ల నాయనమ్మ పిలిచిన మూడవసారికి గాని రాలేదు.

సాయంకాలము ఆ కీలును కోసి తీసితిమి. గుడ్డ లోపలి సగము తెల్లగా, పొడిగా నున్నది. పరీక్షల హడావుడిలో వాడు గట్టిపరచు మందును చల్లినాడట. దానిని కొంతసేపు వ్రేళ్లతో నలిపి చూచి, మేము చెప్పకయే కత్తి తీసికొని మిగిలిన మూడింటిని కూడ కోసివేసెను. వానిలో మరొకటి అట్లే యుండెను.

ఇప్పుడు వాడొక నోటుపుస్తకము పెట్టినాడు. గడులు గీసి యిచ్చినది మేమే. అది కచేరీ అలవాటు. తేదీ, బ్యాటరీ, గాలి, ఆపైన కీళ్లు. లాగి చూచిన పిదప పెన్సిలుతో టిక్కు. బడిలో కన్నడము చదివినవాడు గనుక తలకట్టులన్నియు కన్నడ లిపిలోనే వ్రాసినాడు. నాలుగవ గడిపై "కీలు" అని యున్నది. ఆ మాట తెలుగునను కన్నడమునను ఒకటియే గదా, నీవు ఏ భాషలో వ్రాసితివిరా యని అడిగితిమి. వాడు రడ్డరును లాగి చూచుచు, "ఉండు తాతయ్యా, లెక్క తప్పుతుంది" అనెను.