చక్రములమీది యాట

2023వ సంవత్సరము జూలై నెలలో మా పాఠశాల బాలురు కొందరు స్కేటులు కట్టుకొని సంత వీధిలో లారీల నడుమ నాడుచుండగా నొకనికి మోచేయి విరిగినది. ఆ సాయంకాలము ఆసుపత్రి వరండాలో గూర్చుండి, వీరికి పట్టణములో నొక తావు సంపాదింపవలెనని మేము నిశ్చయించుకొంటిమి. ఆడవలదని చెప్పుట సులభమే. పదియేండ్లు మేమును అదియే చెప్పితిమి; ఎవరును వినలేదు.

మేము తెలుగు చెప్పువారము. స్కేటులు కాళ్లకు గట్టి యెరుగము. కావున మొదట నేర్చుకొనవలసి వచ్చినది. హైదరాబాదు వాస్తవ్యుడగు అనూప్ కుమార్ యామ 2010లో గ్వాంగ్జౌ ఆసియా క్రీడలయందు స్కేటింగులో రెండు కాంస్య పతకములు గెలిచి, 2015లో అర్జున పురస్కారము నందెను. స్కేటుబోర్డు ఆట 2021లో టోక్యోలో జరిగిన ఒలింపిక్సునందు మొదటిసారిగా చేర్చబడినది. వీనికంటె మా మనస్సున కెక్కినది మధ్యప్రదేశమందు పన్నా జిల్లాలోని జన్వార్ అను పల్లె. అచట 2015లో సిమెంటుతో స్కేటుపార్కు కట్టిరి. బడికి రానివారికి బోర్డు లేదు, ఆడపిల్లలదే మొదటి వంతు; ఇవి యచటి నియమములు. ఆ పల్లెబాలిక ఆశా గోండ్ 2018లో చైనాలోని నాన్జింగ్‌లో జరిగిన ప్రపంచ పోటీలలో పాల్గొన్నది.

ఇంత చదివి, మేమే కాగితముమీద నమూనా గీసితిమి. వాననీరును పశువులును రాకుండ రెండున్నర అడుగుల అరుగు, దానికైదు మెట్లు. గర్వముతో తరగతిలో గోడకంటించితిమి. చక్రముల కుర్చీలో వచ్చు ఎనిమిదవ తరగతి బాలుడొకడు దానిని చాలసేపు చూచి, "మాస్టారూ, ఈ మెట్లు నేనెట్లా ఎక్కుతానండీ?" అనెను.

"మేమెత్తుకొని తీసికొనివచ్చెదములే" అంటిమి.

"రోజూనా అండీ?"

మేము బదులు చెప్పలేకపోతిమి. మూడేండ్లుగా వానిని ప్రతిదినము చూచుచు, ఆటస్థలము గీయునప్పుడు మరచితిమి గదా!

వికలాంగుల హక్కులకై 2016లో చేయబడిన చట్టము క్రీడాస్థలములును వారికనుకూలముగా నుండవలెనని చెప్పుచున్నది. ఒక అడుగు ఎత్తునకు పండ్రెండడుగుల వాలు కావలెను; అంతకంటె నిటారైనచో కుర్చీ త్రోసికొని యెక్కుట కష్టము. అనగా మా అరుగునకు ముప్పది అడుగులు. ఈ లెక్క వాడే కట్టెను. అమెరికాలో ఆరన్ ఫాదరింగ్‌హామ్ అను యువకుడు 2006లో చక్రముల కుర్చీతోనే గాలిలోనికి లేచి వెనుకకు పల్టీ కొట్టిన వృత్తాంతము ఫోనులో చూపగా, వాడు మూడుసార్లు చూచి, "మరి దిగే చోట నున్నగా ఉండాలండీ, పలకరాళ్లు వద్దు" అనెను. పల్టీ సంగతి మాత్రము వాని తల్లికి చెప్పవలదని బ్రతిమాలితిమి.

క్రొత్త నమూనాతో అర్జీ పట్టుకొని పోగా, ఆఫీసులో నొకరు "ఇటువంటివారు ఊరిలో ఎందరుంటారండీ?" అనిరి. న్యాయమైన ప్రశ్నయే యని మూడు ఆదివారములు మధ్యాహ్నవేళ వీధులు తిరిగితిమి. పేర్లతో నొక పుట నిండినది. ఒక యింటివారు తమకట్టి బిడ్డయే లేడనిరి. లోపలి గదిలో చక్రముల చప్పుడు మాకు వినబడుచునే యున్నది. ఆ పేరు వ్రాసికొనలేదు గాని, ఆ యింటిని మేము మరువలేదు. అటుపిమ్మట రెండుసార్లు పోతిమి. రెండవసారి కాఫీ యిచ్చిరి.

మూడవ అర్జీకి పాత నీళ్లట్యాంకు వెనుక స్థలము చూపిరి. డబ్బు ఇంకను మంజూరు కాలేదు. అయినను మొన్న శనివారము పిల్లలు సున్నముతో గీతలు గీసిరి. మోచేయి విరిగినవాడు టేపు ఒక కొన పట్టుకొనగా, మావాడు రెండవ కొనతో కుర్చీ నడుపుకొనుచు పోయెను. ఇరువదియారు అడుగులకే ప్రహరీగోడ అడ్డము వచ్చినది. వాలును నడుమ నొక మలుపు త్రిప్పవలెననియు, మలుపులో కుర్చీ తిరుగుటకు చదునైన చోటు విడువవలెననియు వాడే చెప్పెను. చీకటి పడినందున టేపు చుట్టివేసితిమి. వచ్చు శనివారము మరల కొలిచెదము.