గేటు తాళము

పల్లె సంఘములలోనున్న ప్రియ సహోదర సహోదరీలారా,

మీ ఊరినుండి బ్రదుకుతెరువు కొరకు హైదరాబాదునకు తరలిపోయిన కుటుంబములు మీలో ప్రతి సంఘమునకును కొన్ని యుండును. క్రిస్మసు పండుగకు వచ్చునప్పుడు వారు మంచి బట్టలు కట్టుకొని వత్తురు గనుక అక్కడ వారి కాపురమెట్టిదో మీకు తెలియుటకు వీలులేదు. నేను రెండు పర్యాయములు పాస్టరుగా పనిచేసిన ఒక బస్తీని గూర్చి మీకు వ్రాయుచున్నాను. ఇందులో నా సిగ్గు కూడ కొంత యున్నది. దానిని దాచినయెడల ఇది వ్రాయుటే వ్యర్థము.

హుస్సేన్ సాగరు 16వ శతాబ్దములో, ఇబ్రాహీం కులీ కుతుబ్ షా కాలమున కట్టబడిన చెరువు. ఇప్పుడది నగరము నడుమ నున్నది. చెరువు నిండినప్పుడు పొర్లిన నీరు ఒక నాలాలో బడి, ఇండ్ల మధ్యగా ప్రవహించి మూసీలో కలియును. ఆ నాలా గట్టున, కలిగినవారెవరును ఇల్లు కట్టుకొనగోరని పల్లపు నేలలో, పేదలు గుడిసెలు వేసికొనిరి. పిమ్మట అవి రేకుల ఇండ్లాయెను. పాలమూరు, నల్లగొండ, మెదకు జిల్లాలవారు అందులో ఎక్కువ. మగవారు తెల్లవారగనే అడ్డామీద నిలిచి, కూలికి పిలుచువారి కొరకు కనిపెట్టుదురు. స్త్రీలు అపార్టుమెంట్లలో అంట్లు తోమి, ఇండ్లు తుడిచి బ్రదుకుదురు. మా గుడి బస్తీకి పైన, రోడ్డు ఎత్తుగా నున్నచోట నున్నది. గుడికిని బస్తీకిని మధ్య నూరు అడుగుల దూరమును, ఒక ఇనుప గేటును ఉన్నవి. అంతే.

1999లో నేనక్కడికి వెళ్లునప్పటికి నాకు ముప్పది యేండ్లు. వేదాంత కళాశాలలో నేర్చినదంతయు ఇంకను పచ్చిగానే యుండెను. జపాను దేశస్థుడైన కగావా తొయొహికో గారి చరిత్ర నాకు మిక్కిలి యిష్టము. ఆయన ఇరువది యొక్క యేండ్ల విద్యార్థిగా, 1909 డిసెంబరు 24న, కోబే పట్టణములోని షింకావా అను మురికివాడకు వెళ్లి కాపురము పెట్టెను. రోగులను, దిక్కులేనివారిని తన యింటనే చేర్చుకొనెను. అక్కడ అంటుకొనిన కండ్లజబ్బు ఆయనను జీవితమంతయు బాధించెను. 1938 డిసెంబరులో మద్రాసు దగ్గరి తాంబరమున జరిగిన ప్రపంచ మిషనెరీ మహాసభకు కూడ ఆయన వచ్చెను. ఇదంతయు పరీక్షలో వ్రాసి మంచి మార్కులు తెచ్చుకొంటిని. గేటు ఇవతలనుండి వ్రాసితిని.

ఆ దినములలో నేను చేసిన బస్తీ పరిచర్య యేమనగా, ఒక నోటుపుస్తకము పట్టుకొని ఇల్లిల్లు తిరిగి పేర్లు వ్రాసికొనుట, క్రిస్మసుకు దుప్పట్లు పంచుట, పంచునప్పుడు ఫోటో తీయించుట. చెడ్డ పని యని అనను. చలికి దుప్పటి దుప్పటియే గదా.

2000 ఆగస్టు 23 రాత్రి వాన పట్టెను. మరునాటికి నగరములో ఇరువదినాలుగు గంటలలో సుమారు 24 సెంటీమీటర్ల వర్షము కురిసినదని లెక్క తేలినది. నాలా పొంగి బస్తీలోనికి వచ్చెను. అర్ధరాత్రి దాటిన తరువాత గేటు దగ్గర కేకలు వినబడెను. గొడుగు పట్టుకొని వరండాలోనికి వచ్చి చూచితిని. నలువదిమంది వరకు ఉండిరి. మోకాళ్ల పైవరకు తడిసి, చంటిబిడ్డలను భుజముల మీద మోయుచుండిరి.

అంతకు రెండు నెలల ముందు గుడిలో మైకు సెట్టు దొంగిలింపబడెను. రాత్రి ఎనిమిది దాటిన తరువాత గేటు తీయవద్దని సంఘపు పెద్దలు నాతో ఖండితముగా చెప్పియుండిరి. క్రొత్త తివాచి పరచి పది దినములైన కాలేదు. ఈ తలంపులన్నియు ఒక్క క్షణములో నా మనస్సున మెదలెను. నేను వరండాలోనుండియే, తాళపుచెవి వాచ్‌మన్ దగ్గర నున్నదనియు, అతడు ఊరికి పోయెననియు చెప్పితిని.

అది అబద్ధము. తాళపుచెవి నా వెనుక గోడకు వ్రేలాడుచుండెను.

వారు కొంతసేపు నిలిచి వెళ్లిపోయిరి. ఎవరును నన్ను తిట్టలేదు. ఆ రాత్రి వారికి చోటిచ్చినది గల్లీ చివరనున్న మసీదు. అక్కడివారు తలుపులు తీసి, లోనికి పిలిచి, చాయ్ కాచి పోసిరని మరునాడు వింటిని.

ఆ ఆదివారమునకు ముందుగనే నిర్ణయింపబడిన పాఠము లూకా సువార్త 11వ అధ్యాయములోనిది. అర్ధరాత్రి వచ్చి రొట్టెలడిగిన స్నేహితుని ఉపమానము. లోపలివాడు తలుపు వేసియున్నదని చెప్పిన ఉపమానమే. నేను దానినే ప్రసంగించితిని! విడువక ప్రార్థించుటను గూర్చి చక్కగా మూడు భాగములుగా చెప్పితిని. అందులోని గ్రీకు మాట నొకదానిని ఎత్తి, దానికి సిగ్గుమాలినతనమని అర్థమని కూడ వివరించితిని. నోట ఆ మాట పలుకుచుండగా నా చెవులు వేడెక్కెను. అయినను ప్రసంగము ముగించి ఆశీర్వచనము పలికితిని.

మా గుడి ఊడ్చు అవ్వ ఒకతె ఉండెడిది. పాలమూరు వైపునుండి వచ్చిన విధవరాలు, బస్తీలోనే కాపురము. అందరును వెళ్లిన తరువాత ఆమె చీపురు పట్టుకొని వచ్చి మెల్లగా అనెను: “అయ్యగారూ, ఆ రాత్రి తాళపుచెవి గోడకే ఏలాడుతుండె. నేను గేటు కాడికెళ్లి చూసిన. ఎవ్వరికి చెప్పలే. మీరు బుగులుపడ్డరనుకున్న.”

ఆమె నిందించినయెడల నేనేదో జవాబు చెప్పియుందును. ఆమె నా పక్షమున సాకు వెదకినది. దానికి నా యొద్ద జవాబు లేకపోయెను.

పెద్దల సభలో ఈ సంగతి ఒప్పుకొనుటకు నాకు మూడు వారములు పట్టెను. కొందరు తల వంచుకొనిరి. రైల్వేలో పనిచేసి విరమించిన ఒక పెద్ద మాత్రము సూటిగా అడిగెను: “గేటు తెరుద్దాము అయ్యగారూ, కాదనను. రేపు ఒక ఆడపిల్లకేదైనా జరిగితే జవాబుదారి ఎవరు?” ఆ ప్రశ్నను నేనిప్పటికిని గౌరవింతును. గుడి తెరచుట సులభమని చెప్పువారు గుడి కాపాడినవారు కారు.

ఈసారి నోటుపుస్తకము లేకుండ బస్తీలోనికి వెళ్లితిని. మీకేమి కావలెనని స్త్రీలనడిగితిని. దుప్పట్లందురనుకొంటిని. వారడిగినది వేరు. ఉదయము ఆరు గంటలకు వారు పనికి వెళ్లి పన్నెండింటికి తిరిగివత్తురు. అంతవరకు పసిబిడ్డలను చూచువారు లేరు. ఒక తల్లి తన బిడ్డను పాతచీరతో మంచపుకోడుకు కట్టి వెళ్లుచుండెను. వాన రాత్రి తరువాత ఆమెకు ఆ ముడి వేయుటకు చేతులు రాలేదట. ఆ ఇంటికి నేను అంతకుముందు నాలుగుసార్లు వెళ్లియుంటిని. పేర్లు వ్రాసికొంటిని గాని మంచపుకోడు చూడలేదు.

గుడి వరండాలో తొమ్మిదిమంది బిడ్డలతో పని మొదలాయెను. అవ్వయే వారికి పెద్ద దిక్కు. పాలఖర్చు ఎట్లని నేను తలపట్టుకొని, మిషను వారికి అర్జీ వ్రాయనుద్దేశింపగా ఆ స్త్రీలు నవ్విరి. మీ పల్లెలలో ఎసరు పెట్టునప్పుడెల్ల పిడికెడు బియ్యము వేరుగా తీసి ఆదివారము గుడికి తెచ్చుట మీకు వాడుకయే గదా? వారును ఆ పల్లెలవారే. పిడికెడు బియ్యము మరల మొదలుపెట్టిరి. సంఘములో లేని ఇండ్లవారును తమ బిడ్డల కొరకు తెచ్చిరి. ఆ బియ్యమమ్మి పాలు కొంటిమి. జవాబుదారి ఎవరని అడిగిన రైల్వే పెద్దయే సాయంకాలములందు వరండాలో బల్ల వేసికొని, రేషను కార్డులకు, పించనులకు దరఖాస్తులు వ్రాసిపెట్టెను. గేటు దగ్గర ఆయన కూర్చున్నంతకాలము ఏమియు జరుగలేదు.

అన్నియు ఫలించెనని చెప్పను. రాత్రిబడి మూడుసార్లు పెట్టి మూడుసార్లు మూసితిమి. హోటళ్లలో పనిచేయు పిల్లలు పలకమీదనే నిద్రపోయెడివారు. త్రాగుడు విషయములో నేను సాధించినది బహు స్వల్పము.

ఆ కాలముననే కగావా గారిని గూర్చి మరియొక సంగతి చదివితిని. ఆయన 1915లో ప్రకటించిన, పేదల మనస్తత్వమును గూర్చిన గ్రంథములో, బురాకు జనులు పుట్టుకతోనే తక్కువవారన్నట్లు వ్రాసెను. బురాకు జనులనగా జపానులో తరతరములుగా అంటరానివారిగా ఎంచబడినవారు. 1871లో ప్రభుత్వము ఆ భేదమును కొట్టివేసినను అది లోకుల మనస్సులోనుండి పోలేదు. ఆయన వారి వాడలోనే కాపురముండి, వారి రోగములు తాను మోసి కూడ అట్లు వ్రాసెను. మన పల్లెలలో పుట్టినవారికి ఆ మాట ఎక్కడ గుచ్చుకొనునో నేను చెప్పనక్కరలేదు. నేను ఆ పుస్తకము మూసి చాలసేపు కూర్చుంటిని. ఆయన యందలి గౌరవము పోలేదు. అయితే చేరువగా నుండుట వేరు, ఎరుగుట వేరు అని నాకు తోచెను. నా నోటుపుస్తకము జ్ఞాపకము వచ్చెను.

2004లో నన్ను వేరొక పాస్టరేటునకు బదిలీ చేసిరి. 2018లో మరల అక్కడికే పంపిరి. అవ్వ అప్పటికే ప్రభువునందు నిద్రించెను. ఆమె కోడలు పిల్లల పని చూచుచుండెను. గేటుకు రెండు తాళపుచెవులుండెను. ఒకటి పాస్టరు యొద్ద, ఒకటి బస్తీలో ఆ కోడలి ఇంట.

2020 మార్చి 25న దేశమంతట లాక్‌డౌన్ వచ్చినప్పుడు అడ్డా ఒక్కనాడే ఖాళీ అయ్యెను. అనేకులు మూటలు కట్టుకొని కాలినడకన బయలుదేరిరి. వారిలో మీ ఇండ్లకు చేరినవారుందురు. అప్పుడు నాకొక కొరత తెలిసినది. ఎవరెక్కడివారో, వారి సంఘమేదో మా యొద్ద లేదు. అన్నము పెట్టితిమి గాని, వారు చేరిరా లేదా అని అడుగుటకు చిరునామా లేదు. యిర్మీయా ప్రవక్త బబులోనునకు కొనిపోబడినవారికి యెరూషలేమునుండి పత్రిక పంపెను గదా. మీరును మీ ఊరు విడిచి వచ్చువారి చేతికి ఒక ఉత్తరమిచ్చి పంపుడి. ఇన్‌లాండు కవరులో నాలుగు పంక్తులైనను చాలును: ఈ కుటుంబము మాది, ఫలాని ఊరు, ఫలాని సంఘము, పసిబిడ్డలు ఇందరు. నగరములో ఏ సంఘమైనను సరే, ఆ ఉత్తరము పట్టుకొని గేటు తట్టుమనుడి.

ఆ సంవత్సరమే అక్టోబరు 13 రాత్రి మరల అట్టి వాన కురిసెను. ఆ దినము నేనొక సమాధి కార్యక్రమమునకు ఊరికి వెళ్లియుంటిని. త్రోవలు మునిగి తిరిగి రాలేకపోతిని. రాత్రంతయు ఫోను చేసితిని, తగులలేదు. మరునాటి మధ్యాహ్నము బురదలో నడచి గుడికి చేరితిని. గేటు బార్లా తెరచియుండెను. తివాచి చుట్టి గోడకు ఆనించియుండెను. చాపలమీద పిల్లలు నిద్రించుచుండిరి. వరండాలో పెద్ద గిన్నెలో పిడికెడు బియ్యపు అన్నము ఉడుకుచుండెను. ముక్కుకు గుడ్డ కట్టుకొన్న అవ్వ కోడలు గరిటె పట్టుకొనియే నన్ను చూచి, “అయ్యగారూ, చెప్పులు ఆడనే విడువుండ్రి, ఇప్పుడే తుడిచినం” అనెను.

నేను చెప్పులు విడిచి లోనికి వెళ్లితిని.