పాత గడియారపు వెల

పసుపు కొనువాడు కుప్ప పైభాగమున కనబడు రంగును మాత్రమే చూచి బేరము ముగింపడు. కుప్పలో చెయ్యి పెట్టి అడుగునుండి ఒక కొమ్మును తీయును. దానిని విరుచును. విరిగినప్పుడు టక్కుమను శబ్దమును వినును. విరిగినచోట లోపలి రంగు ఎట్లున్నదో వెలుతురులో చూచును. సరిగా ఉడకని కొమ్మును, సరిగా ఆరని కొమ్మును డ్రమ్ములో త్రిప్పి ఎంత మెరుగు పెట్టినను, విరిచినప్పుడు దాని సంగతి బయటపడక తప్పదు. ఆర్మూరు చుట్టుపట్ల పల్లెలలో ఈ మాట యెరుగని పిల్లవాడు లేడు. ఎనిమిది తొమ్మిది నెలలు పెంచిన పంటను నిజామాబాదు యార్డునకో, మహారాష్ట్రములోని సాంగ్లీకో తీసికొనిపోయి అమ్ముకొను మనకు, మెరుగు వేరు, సరుకు వేరు అని ఒకరు నేర్పనక్కరలేదు.

అయినను చదువరులారా, పసుపు దగ్గర ఇంత జాగ్రత్తగా నుండు మనమే పాత చేతిగడియారము కొనునప్పుడు ఈ జ్ఞానమును ఇంటిలో విడిచి వెళ్లుచున్నాము. అద్దము మెరసినచో చాలును, పేరు గొప్పదైనచో చాలును, ముల్లు కదలినచో చాలును. పంట సొమ్ము చేతికి వచ్చిన దినములలో ఇట్లు కొనినవారిని నేను అనేకులను చూచితిని. పాత క్వార్ట్జు గడియారములను సేకరించుట నాకు చాల కాలమునుండి గల అలవాటు. అందుచేత కొనినవారును, అమ్మదలచినవారును తమ గడియారములను నాయొద్దకు తెచ్చి రెండు ప్రశ్నలు అడుగుచుందురు. ఇది ఎంత చేయును? ఇది ఎన్నాళ్లు నడచును? ఈ రెంటికిని నాకు తెలిసినంత మట్టుకు ఇక్కడ జవాబు చెప్పెదను.

క్వార్ట్జు అనగా వింత వస్తువు కాదు. మన పొలముల గట్లమీద తెల్లగా మెరయు పలుగురాయియే అది. గడియారములో పెట్టు ముక్కను మాత్రము కర్మాగారములో పెంచి, సన్నని చీలికగా కోయుదురు. ఈ రాతిని నొక్కినచో దానిలో విద్యుత్తు పుట్టునని 1880లో ఫ్రాన్సు దేశములో క్యూరీ సోదరులు కనుగొనిరి. దానికి విద్యుత్తు ఇచ్చినచో అది తప్పకుండ ఒకే లెక్కన అదరును. చేతిగడియారములోని రాయి సెకండునకు 32,768 మారులు అదరును. ఆ లెక్కను లోపలి చిన్న చిప్పు పదునైదు మారులు సగము సగము చేయగా సెకండునకు ఒక్క దెబ్బ మిగులును. ఆ దెబ్బ తలవెండ్రుకకంటె సన్నని తీగతో చుట్టిన కాయిలులోనికి పోయి, ఒక చిన్న అయస్కాంతమును త్రిప్పును. అది పండ్లచక్రములను, చక్రములు ముళ్లను త్రిప్పును. ఇంతే దాని మర్మము.

1927లో అమెరికాలో తయారైన మొదటి క్వార్ట్జు గడియారము చేతికి కట్టుకొనదగినది కాదు. చేతికి కట్టుకొనునది 1969 డిసెంబరు 25వ తేదీన, సరిగా క్రిస్మసు దినముననే, జపానులో సీకో కంపెనీవారు అమ్మకమునకు పెట్టిరి. దాని వెల 4,50,000 యెన్నులు. ఆనాడు ఆ సొమ్ముతో ఒక కారు వచ్చెడిది. మన దేశములో 1953లో పుట్టిన హెచ్.ఎం.టి. సంస్థ 1961లో జపాను సిటిజన్ కంపెనీ సహాయముతో బెంగుళూరులో చావి గడియారములు చేయ మొదలుపెట్టి, 1981లో క్వార్ట్జు గడియారములను తెచ్చెను. 1942లో హైదరాబాదులో స్థాపింపబడిన ఆల్విన్ సంస్థయు సీకోవారి సహాయముతో గడియారములు చేసెను. 1984లో టాటాలును తమిళనాడు ప్రభుత్వ సంస్థయు కలిసి టైటాన్‌ను స్థాపించి, హోసూరులో కర్మాగారము పెట్టిరి. పెండ్లికి, ఉద్యోగ విరమణకు, పరీక్షలో తేరిన పిల్లవానికి బహుమానమనగా ఈ గడియారములే. ఆల్విన్ గడియారములు చేయుట ఎప్పుడో ఆగిపోయినది. హెచ్.ఎం.టి. వాచెస్ కంపెనీని మూసివేయుటకు కేంద్ర ప్రభుత్వము 2016లో నిర్ణయించినది. దొరకుట తగ్గుకొలది వెదకువారు పెరిగిరి. వెదకువారు పెరిగినచోట మోసగాండ్రును చేరుదురు గదా.

ఇప్పుడు పరీక్ష సంగతి. మొదట వెనుక మూత తీయించి చూడవలెను. మూత తీయుటకు ఒప్పని అమ్మకపువాని యొద్ద కొననేకూడదు. కొమ్మును విరువనీయని రైతునుండి ఎవడైన పసుపు కొనునా? మూత తీసిన తరువాత సెల్లు చుట్టు చూడుడి. తెల్లని పొడిగాని, పచ్చని చిలుము గాని కనబడినయెడల, అయిపోయిన సెల్లును ఏండ్ల తరబడి లోపలనే విడిచినారనియు, అది కారినదనియు తెలిసికొనుడి. ఆ ద్రవము తగిలిన కాయిలును, చిప్పును తినివేయును. నిలిచిపోయిన గడియారమునకు కొత్త సెల్లు వేయగానే నడచునని చెప్పువాడు, కొత్త సెల్లు వేసి నడిపించి ఎందుకు అమ్ముట లేదో ఆలోచింపుడి.

అటుపిమ్మట లోపలి మిషన్ మీది పేరును, ముందరి డయలు మీది పేరును సరిచూడుడి. కొందరు పాత మిషన్ చెడిపోగా, చవుకైన వేరొక ప్లాస్టిక్ మిషన్‌ను అందులో దించుదురు. అది సమయము చూపును, నిజమే. చేతికి కట్టుకొనుటకే అయినచో దానిలో తప్పులేదు, వెల తగ్గించి తీసికొనవచ్చును. కాని అది హెచ్.ఎం.టి. గడియారమనియు, ఆల్విన్ గడియారమనియు చెప్పి అమ్ముట న్యాయము కాదు. చక్రములు లోహముతో చేసిన మిషన్ అయినచో విప్పి, శుభ్రపరచి, మరల నడిపింపవచ్చును. చాల చవుక మిషన్‌లను విప్పుటకు వీలుండదు, తీసి పారవేయవలసినదే.

మూడవది డయలు. ముప్పది నలువది ఏండ్ల గడియారమునకు నిన్న అచ్చువేసినట్లున్న డయలు కనబడినచో సంతోషింపక అనుమానింపుడి. పాత డయలును గీకి, కొత్త రంగు వేసి, పేరు మరల అచ్చువేయువారు కలరు. అట్టి అచ్చులో అక్షరముల అంచులు లావుగానో చెదరినట్లుగానో ఉండును. నిమిషముల గీతలు అంకెలకు సరిగా ఎదురుపడవు. కొంచెము వెలిసిన సొంత డయలు, మెరయు దొంగ డయలుకంటె సేకరించువానికి ఎక్కువ విలువైనది.

నాల్గవది ముల్లు నడక. సెకండ్ల ముల్లు సెకండునకొక అడుగు వేయవలెను. వణకుచు ఒకేచోట కొట్టుకొనుచున్నచో చక్రములలో మురికి చేరెనో, సెల్లు బలము తగ్గెనో ఏదో యొకటి. అనేక గడియారములలో సెల్లు అయిపోవచ్చినప్పుడు ముల్లు రెండేసి సెకండ్లో, నాలుగేసి సెకండ్లో ఒక్కసారిగా దుముకును. అది రోగము కాదు, సెల్లు మార్చుమని గడియారము చెప్పు మాట. ఇది తెలియక మంచి గడియారమును చెడినదని అమ్మివేసిన వారున్నారు.

ఐదవది పది దినముల పరీక్ష. ఫోనులోని సమయమునకు సెకండుతో సహా సరిపెట్టి, పది దినముల తరువాత మరల చూడుడి. సాధారణ క్వార్ట్జు గడియారము నెలకు పదునైదు ఇరువది సెకండ్లకు మించి తప్పదు. పది దినములలోనే నిమిషము తప్పినచో లోపమున్నదని తెలియును. సెల్లు వేసిన తేదీని కూడ వ్రాసి పెట్టుకొనుడి. లోపల నూనె ఎండి, మురికి పట్టిన మిషన్ రెండేండ్లు రావలసిన సెల్లును కొన్ని నెలలలోనే త్రాగివేయును. అంగడిలో ఐదు నిమిషములు నడచుట దీనికి సాక్ష్యము కానేరదు. ముఖ్యముగా మన ప్రాంతములో పసుపు ఉడకబెట్టు ఆవిరిలోను, మెరుగుపెట్టు ధూళిలోను చేతికున్న గడియారములు చాల గలవు. మూత క్రింది రబ్బరు ఎండినచో ఆ తేమయు, ఆ ధూళియు లోనికి పోవును. అద్దము లోపల మబ్బు పట్టిన గుర్తున్నచో జాగ్రత్తపడుడి.

ఇక వెల కట్టుట. అన్ని భాగములు సొంతవై, బాగుగా నడచు ఒక గడియారము 1,200 రూపాయలు చేయుననుకొందము. మీరు కొనబోవునది నిలిచియున్నది. శుభ్రపరచుటకు 300, అద్దమునకు 100, సెల్లునకు 50 అగుననుకొనినచో, దానికి 750 రూపాయలకంటె ఎక్కువ ఇయ్యకూడదు. కాయిలు పోయియుండునేమో అను అనుమానమునకు ఇంకను కొంత తగ్గింపవలెను. ఈ లెక్క అమ్మువానికిని, కొనువానికిని ఒక్కటే. పేదవాని గడియారమునకు తక్కువగా, తెలియని వానికి ఎక్కువగా చెప్పు రెండు లెక్కలు ఉండకూడదు. పెద్దరాయి చిన్నరాయి అని రెండు తూనికరాళ్లు ఉంచుకొనువాని సంగతి మనము గుడిలో చిన్ననాటినుండి విన్నదే గదా.

ఒక యవ్వ సంగతి చెప్పెదను. ఆమె భర్త బడిపంతులు. 1989లో ఆయన పని విరమించినప్పుడు తోటి ఉపాధ్యాయులు ఒక హెచ్.ఎం.టి. క్వార్ట్జు గడియారము బహూకరించిరి. ఆయన గతించెను. మనుమరాలి కాలేజీ ఫీజునకు సొమ్ము తక్కువపడి, అవ్వ దానిని అమ్మదలచెను. వీధిలో పాత సామాను కొనువాడొకడు, నిలిచిన డబ్బాకు 200 రూపాయలే ఎక్కువనెను. బంధువుల పిల్లవాడొకడు ఫోనులో ఏవో బొమ్మలు చూపి వేల రూపాయలు వచ్చుననెను. ఆ రెండు మాటల నడుమ నలిగి, ఆమె నాయొద్దకు వచ్చెను.

మూత తీయించితిమి. సెల్లు చచ్చినది గాని కారలేదు. మిషన్ సొంతది. బాగుచేయువాడు మీటరుతో చూచి కాయిలు బాగున్నదనెను. కొత్త సెల్లు వేయగా ముల్లు అడుగు తప్పక నడచెను. డయలు ఎవరును ముట్టనిది. అయితే చావి మాత్రము వేరొక గడియారపు చావి. పంతులుగారి కాలములోనే ఎప్పుడో విరిగి మార్పించినదట. వెనుక మూతమీద ఆయన పేరును, బడి పేరును చెక్కియుండెను. అట్టి చెక్కడము సేకరించువారి కంటికి వెల తగ్గించును. ఆమెకు మాత్రము అదియే ప్రాణము. ఈ రెండు విలువలను కలుపకూడదు. జ్ఞాపకమునకు బజారులో వెల లేదు, అందుచేత దానికి విలువ లేదనియు కాదు. నేనీ సంగతి ఆమెకు మెల్లగా చెప్పితిని. ఉంచుకొనదలచినచో ఉంచుకొనుమంటిని. పిల్ల చదువు ఆగకూడదు, అమ్ముమనెను.

గడియారములు సేకరించు నిజామాబాదువారొకరు ఫోటో చూచి 1,500 రూపాయలు ఇత్తుననిరి. మరునాడు వచ్చి తీసికొనిపోదుమనిరి. అవ్వ ఆ మాట విని కొంతసేపు ఊరకుండి, నన్ను అడిగెను: “ఆ చావి మార్పిచ్చిన ముచ్చట గాయినకు చెప్పినవా బిడ్డా?”

“రేపు వచ్చినప్పుడు చేతికిచ్చి చూపిద్దామనుకున్న అవ్వా” అంటిని.

“వచ్చినంక ఎందుకు? బస్సు కిరాయి పెట్టుకొని వస్తడు పాపం. ఇప్పుడే చెప్పు. తక్కువిస్తే తక్కువనే ఇయ్యని. అబద్ధమాడొద్దని ఆయిన ముప్పై ఏండ్లు పిల్లలకు చెప్పిండు. ఆయిన గడియారం అమ్మంగ నేను అబద్ధమాడాల్నా?”

అప్పుడే ఫోను చేసి చెప్పితిని. ఆయన ఆలోచించి 1,100 రూపాయలనెను. ఆ 400 రూపాయలు ఆ యింటికి చిన్న సొమ్ము కాదు. ఫీజులో ఆ మేరకు తక్కువపడి, అవ్వ మరియొకచోట చేబదులు తీసికొనెనని తరువాత తెలిసినది. కాని ఆమె ముఖములో చింత నేను చూడలేదు. కొనినవారు వచ్చినప్పుడు ఒక చీటి వ్రాయించితిమి: సెల్లు వేసిన తేదీ, చావి మార్చబడినదను సంగతి, డయలును మిషన్‌ను సొంతవను సంగతి. అవ్వ దానిమీద వేలిముద్ర వేసెను. ఆ చీటిని ఆయన గడియారపు డబ్బాలోనే పెట్టుకొనెను. ఇక ఆ గడియారము ఎవరి చేతికి పోయినను ఆ చీటియు దానితో పోవును.

పాత గడియారమును నమ్మదగినదిగా చేయునది ఆ చీటివంటి మాటయే. రాయి తన లెక్క తప్పక అదరుచునే యుండును. తప్పిపోవునది దానిని చేతులు మార్చు మనుష్యుల మాట. ఎరిగిన లోపమును దాచి అమ్మువాడు ఎదుటివాని సంచిలోనుండి సొమ్ము తీసినవానితో సమానుడు. లోపము లేనిచోట లోపము చెప్పి పేదవానియొద్ద చవుకగా కొట్టివేయువాడును అట్టివాడే.

కావున మీ యింటిలో అరలలో, పెట్టెలలో నిలిచిపోయిన గడియారములున్నచో ఈ వారమే తీసి, వాటిలోని చచ్చిన సెల్లును తీయించి వేయుడి. నడిపింపనక్కర లేకున్నను సరే, సెల్లు లోపల ఉంచకుడి. తరువాత ఒక చిన్న కాగితముమీద దాని సంగతి వ్రాసి పెట్టుడి: ఎవరు కొనిరి, ఎప్పుడు కొనిరి, ఏ భాగము మార్పించిరి. మీరు అమ్మకున్నను, మీ పిల్లలు అమ్మవచ్చును. వారు నిజము చెప్పగోరినను, మనము వ్రాసి పెట్టనిచో వారికి తెలియదు.