ఎదురు వచ్చినవారు



2023వ సంవత్సరము మే నెలలో మాకు రెండు ప్రయాణములు ఒకేసారి వచ్చిపడ్డాయి. మొదటిది బదిలీ. తొమ్మిది సంవత్సరములు ఖమ్మంలో పరిచర్య చేసిన తరువాత హైదరాబాదు తూర్పు దిక్కున ఉన్న ఎల్.బి.నగర్ సంఘమునకు వెళ్ళమని ఉత్తర్వు అందింది. రెండవది ఇటలీ దేశపు రోము పట్టణము. పాస్టర్ల కొరకు అక్కడ జరిగే అధ్యయన తరగతులకు ఒక మిత్రుడు మా పేరు వ్రాయించాడు. టిక్కెట్టు మాత్రము ఒక్కరికే.

వేదాంత డిప్లొమా చదివే రోజుల్లో పౌలు ప్రయాణముల పటమును మంచము ప్రక్కన గోడకు అంటించుకొని చదువుకొన్నవారము. ఆ పటములో ఎర్రగీత రోము దగ్గర ఆగిపోతుంది. ఆ గీత ఆగిన చోట ఒకసారి నిలబడాలని ఇరవై ఏళ్ళుగా మా ఆశ. "మీరు వెళ్ళి రండి. ఇల్లు సర్దడం నాకేమైనా కొత్తా?" అన్నది మా ఇంటావిడ. పాస్టరు భార్యగా ఆమె మూటలు కట్టడము అది నాలుగవసారి. ఆ మాట పట్టుకొని శంషాబాదులో విమానము ఎక్కాము. ఆ మాట ఖరీదు ఎంతో మాకు తిరిగి వచ్చిన తరువాత గాని తెలియలేదు.

రోములో మొదటి రెండు దినములు భయముతోనే గడిచాయి. భాష తెలియదు. జేబు జాగ్రత్త అని ప్రతివారూ చెప్పినవారే. అయితే మండుటెండలో దాహమైనప్పుడు ఆ ఊరు మాకు నచ్చింది. వీధి వీధికీ ఇనుప కుళాయి ఉంటుంది. రాత్రింబగళ్ళు చల్లని నీరు కారుతూనే ఉంటుంది, ఎవరైనా త్రాగవచ్చు. మన చలివేంద్రములు జ్ఞాపకము వచ్చాయి.

తరగతులు లేని సమయములో పౌలు అద్దె ఇల్లు ఎక్కడ ఉండేదో వెదకుతూ తిరిగాము. అపొస్తలుల కార్యములు 28వ అధ్యాయము చివర చూడండి. పౌలు రోములో రెండు సంవత్సరములు అద్దె ఇంట్లో కాపురమున్నాడు. అంత గొప్ప అపొస్తలుడు, సొంత ఇల్లు లేక నెల నెలా అద్దె కట్టుకొన్నవాడే! ఆ ఇల్లు ఇక్కడ ఉండేదని టైబరు నది ఒడ్డు దగ్గర ఒక గుడివారు చెప్పుకొంటారు, కాదు ఇక్కడ అని నడిబజారులో ఇంకొక గుడివారు చెప్పుకొంటారు. రెండూ చూశాము. వాటికంటె మా మనసులో నిలిచినది మరొకటి. కపిటోలు కొండ మొదట్లో రెండవ శతాబ్దపు అద్దె మేడ ఒకటి శిథిలమై ఉన్నది. క్రింద దుకాణములు, పైన అంతస్తు మీద అంతస్తు, పైకి పోయే కొద్దీ ఇరుకు గదులు. దానిని చూస్తే దిల్‌సుఖ్‌నగర్ హాస్టళ్ళు గుర్తుకు వస్తాయి. రోము పట్టణమంటే చక్రవర్తి నగరు ఒక్కటే కాదు, పొట్ట చేత పట్టుకొని వచ్చినవారు అద్దెకు ఉన్న గదులు కూడా రోమే.

మూడవ దినమున ఇంటి నుండి ఫోను వచ్చింది. "ఏమండీ, కొత్త పాస్టరుగారి కుటుంబము ముందే వస్తున్నారంట. జూన్ 3 దాకా ఆగడానికి లేదు. మే 25 రాత్రి సామాను ఎక్కించుకొని బయలుదేరతాం. అక్కడి సంఘ పెద్దలకూ, ఇంటాయనకూ మీరు ఒక మాట చెప్పండి. నంబర్లు మీ దగ్గరే ఉన్నాయి" అన్నది. "అలాగే" అన్నాము.

మే 26న మాకు తీరిక దొరికింది. మేము ఒక్కరమే రైలెక్కి రోముకు దక్షిణమున ఉన్న లతీనా పట్టణమునకు, అక్కడ నుండి బస్సులో బోర్గో ఫైతి అనే చిన్న పల్లెకు వెళ్ళాము. ఎందుకంటారా? మన బైబిలులో అప్పీయా సంతపేట అని ఉన్నది ఆ ఊరే. పౌలు ఖైదీగా పొతియొలీలో ఓడ దిగి కాలినడకన రోముకు వచ్చాడు. ఇంచుమించు ఖమ్మం నుండి హైదరాబాదుకు ఉన్నంత దూరము. ఆయన వస్తున్నాడని విని రోములోని విశ్వాసులు ఎదురు వెళ్ళారు. కొందరు త్రిసత్రముల దగ్గర కలిశారు, అది రోముకు సుమారు 50 కిలోమీటర్లు. కొందరు ఇంకా ముందుకు నడిచి అప్పీయా సంతపేట దాకా వచ్చారు, అది సుమారు 65 కిలోమీటర్లు. అంటే ఎల్.బి.నగర్ నుండి చౌటుప్పల్ దాటి చిట్యాల దగ్గరకు నడిచి వెళ్ళినట్టు. వారిలో చాలామంది అంతకు ముందు పౌలు ముఖము చూచి యుండరు. ఆయన వ్రాసిన పత్రిక మాత్రమే చదివినవారు. గొలుసుతో ఉన్న ఖైదీ కోసము అంత దూరము నడిచారు. వారిని చూచి పౌలు దేవుని స్తుతించి ధైర్యము పొందాడని లూకా వ్రాశాడు. తుపానులో, ఓడ పగిలినప్పుడు ఇతరులకు ధైర్యము చెప్పినవాడు, ఊరికి చేరే ముందు మాత్రము ఒకరిచ్చిన ధైర్యము పుచ్చుకోవలసి వచ్చింది.

బోర్గో ఫైతిలో చూడటానికి పెద్దగా ఏమీ లేదు. క్రీస్తుకు పూర్వము 312లో వేయడము మొదలుపెట్టిన అప్పీయా మార్గము ఊరిలో నుండి తిన్నగా పోతుంది. ప్రక్కనే కాలువ. ఒకప్పుడు అదంతా మలేరియా దోమల చిత్తడి నేల. 1930లలో నీరు తీసివేసి ఉత్తరాది నుండి రైతు కుటుంబములను తెచ్చి కాపురముంచారు. ఇప్పుడు చుట్టూ కూరగాయల తోటలు, ప్లాస్టిక్ పందిళ్ళు.

ఆ దారిన తలపాగా కట్టుకొన్న ఒక మనిషి సైకిలు మీద వస్తున్నాడు. పంజాబీ! ఆ జిల్లా తోటలలో వేలాదిమంది పంజాబీలు కూలి చేస్తారని తరువాత తెలిసింది. మమ్మును చూచి సైకిలు దిగి హిందీలో, "ఏ ఊరు, అన్నా?" అని అడిగాడు. హైదరాబాదు అన్నాము. ఇంకా చేరని ఊరి పేరు మా ఊరు అని చెప్పుకోవడము అదే మొదలు. తెల్లవారుజాము నుండి పని చేసి వస్తున్నాడు, చేతులకు మట్టి ఆరలేదు. సంచిలో మిగిలిన రొట్టె విరిచి సగము మాకిచ్చాడు. తిరుగు బస్సుకు గంట పైగా సమయముంది. "మీరు వెళ్ళండి, అలసిపోయారు" అంటే వినలేదు. "నీకు ఊరు కొత్త" అని చెప్పి బస్సు వచ్చేదాకా ప్రక్కనే కూర్చున్నాడు. ఇల్లు చూచి నాలుగు సంవత్సరములైందట. అప్పీయా సంతపేటలో మాకు ఎదురు వచ్చినవాడు అతడే అని మనసులో ఎంతో సంతోషించాము.

ఆ సాయంత్రము ఇంటికి ఫోను చేసి ఇదంతా అరగంట సేపు వర్ణించి చెప్పాము. రోము సహోదరుల ప్రేమను గూర్చి చిన్న ప్రసంగమే చేశాము. మా ఇంటావిడ అంతా విని, "బాగుందండీ. మీరు వేళకు తింటున్నారా?" అని మాత్రము అన్నది. ముఖము చూపించమంటే సిగ్నలు లేదన్నది.

జూన్ 1న ఇల్లు చేరాము. ఆ రాత్రి మా అబ్బాయి నోట అసలు సంగతి బయటపడింది.

మే 26 తెల్లవారుజామున అయిదు గంటలకు సామానుతో డి.సి.ఎం. వ్యాను ఎల్.బి.నగర్ చౌరస్తాకు వచ్చింది. ఎదురు వచ్చినవారు ఒక్కరూ లేరు. దిల్‌సుఖ్‌నగర్‌లో మేము మాట్లాడి పెట్టిన ఇంటి యజమానికి ఫోను చేస్తే, "జూన్ 3 అన్నారు గదమ్మా, పాతవాళ్ళు ఇంకా ఖాళీ చేయలేదు" అన్నాడు. ఆయన తప్పు లేదు. సంఘ పెద్దల తప్పూ లేదు. ఎవరికీ మేము కబురు చెప్పలేదు. "అలాగే" అని ఫోను పెట్టేసి, మరునాటి తరగతిలో మాట్లాడవలసిన అంశము వ్రాసుకొంటూ కూర్చొని, ఆ సంగతే మరచిపోయాము. ఆ అంశము పేరు చెప్పడానికి ఈనాటికీ సిగ్గు. "సంఘములో అతిథి సత్కారము."

ఆమె మాకు రెండుసార్లు ఫోను చేసింది. రోములో అప్పుడు అర్ధరాత్రి దాటింది, ఫోను ఆపుకొని నిద్రపోతున్నాము. వ్యాను డ్రైవరు ఇంకొక బేరముందని తొందర చేశాడు. మెట్రో స్తంభము ప్రక్కన మంచాలు, బీరువా, వంట పాత్రలు దించి వెళ్ళిపోయాడు. విజయవాడ రోడ్డు బస్సులు ఒకదాని వెనుక ఒకటి వచ్చి మనుషులను దింపిపోతున్నాయి. ఆ సందడి నడుమ మా ఇంటావిడ, ఇద్దరు పిల్లలు బీరువాకు ఆనుకొని కూర్చున్నారు.

అక్కడ ఇడ్లీ బండి పెట్టుకొన్న ఒకామె కాసేపు చూచి దగ్గరకు వచ్చింది. "ఎవరన్నా వస్తరా అమ్మా మీకోసం?" అని అడిగింది. రారని విని పిల్లలను బండి దగ్గర కూర్చోబెట్టి ఇడ్లీ పెట్టింది. పది గంటలకు బండి మూసి, తెలిసిన ట్రాలీ ఆటోను పిలిచి, సామాను కొత్తపేటలో తన ఇంటి ముందున్న రేకుల కిందికి చేర్పించింది. ఉన్నవి రెండు గదులు, ఒకటి వీరికిచ్చింది. నాలుగు రాత్రులు. అయిదవనాడు మన ఇంటాయన వీలు చేసి ఇల్లు అప్పగించాడు. డబ్బు ఇవ్వబోతే తీసుకోలేదు. దేవరకొండ వైపు పల్లె నుండి పదిహేనేళ్ళ క్రితము చంటిబిడ్డతో ఆ చౌరస్తాలోనే బస్సు దిగిందట. "నేనొచ్చిన్నాడు నన్నెవ్వలు అడగలేదమ్మా. గందుకే నేనడుగుత" అన్నదట. ఆమె మన సంఘస్థురాలు కాదు. ఏ సంఘస్థురాలూ కాదు.

"నాకెందుకు చెప్పలేదు?" అని మా ఇంటావిడను అడిగాము. "ఇరవై ఏళ్ళ నుంచి కోరుకున్న ప్రయాణం. అంత దూరంలో ఉండి మీరేం చేస్తారని?" అన్నది. ఇంకేమీ అనలేదు. నాలుగు మాటలు కోపముగా అని ఉంటే మా మనసు తేలికపడేది. మరునాడు ఇద్దరము కలిసి ఇడ్లీ బండి దగ్గరకు వెళ్ళాము. ఆమెకు చేతులెత్తి నమస్కరించాము. "అయ్యో సారూ, గదేం పెద్ద పని" అన్నది.

మరుసటి సంవత్సరము లతీనా జిల్లా నుండి ఒక వార్త వచ్చింది. 2024 జూన్‌లో తోటలో పనిచేసే 31 ఏళ్ళ భారతీయ కూలివానికి యంత్రములో పడి చెయ్యి తెగిపోయింది. ఆసుపత్రికి తీసుకొనిపోకుండా అతని ఇంటి దగ్గర దించి వెళ్ళిపోయారు. రెండు దినముల తరువాత, జూన్ 19న, అతడు చనిపోయాడు. ఇటలీ అంతా ఉలిక్కిపడింది. ఆ వార్త చదివినప్పుడు మాకు రొట్టె విరిచి ఇచ్చిన మనిషి చేతులు కళ్ళ ముందు నిలిచాయి. ఊరికి కొత్తయిన మనిషిని దారి ప్రక్కన దించి వెళ్ళేవారు ఉన్నారు, దారిలో దిగి ప్రక్కన కూర్చొనేవారూ ఉన్నారు. మేము ఏ వరుసలో నిలిచామో మాకు తెలుసు.

అప్పటి నుండి మా సంఘములో ఒక చిన్న ఏర్పాటు చేసికొన్నాము. పేరు లేదు, బోర్డు లేదు. ఊరి నుండి ఎవరైనా వస్తున్నామని కబురు పంపితే, తెల్లవారుజాము బస్సయినా సరే, ఎవరో ఒకరము చౌరస్తాలో నిలబడతాము. వచ్చేవారు ఏ సంఘము, ఏ మతము అని అడగము. నోటుపుస్తకములో తేదీలు వ్రాసేది మా ఇంటావిడ. ఆ పుస్తకము మా చేతికి ఇవ్వదు!

పల్లెలలో ఉన్న తల్లిదండ్రులారా, మీతో ఒక మాట. మీ పిల్లలు ఉద్యోగ పరీక్షల కోచింగు కోసము దిల్‌సుఖ్‌నగర్‌కు వస్తారు. చైతన్యపురి, కొత్తపేట సందులలో నలుగురైదుగురు ఒక గదిలో సర్దుకొంటారు. బస్సెక్కించి ఇంటికి పోయి ప్రార్థన చేస్తే చాలదు. తెలిసినవారికి, తెలిసినవారు లేకపోతే ఇక్కడి ఏ సంఘమునకైనా ముందుగా కబురు చేయండి. ఏ తేదీ, ఏ బస్సు, ఏ గంటకు అన్నది స్పష్టముగా చెప్పండి. తేదీ మారితే మళ్ళీ చెప్పండి. మీ పాస్టరుగారి చేత ఒక ఉత్తరము వ్రాయించి ఇవ్వండి. కెంక్రేయ నుండి వచ్చిన ఫీబేను చేర్చుకొనండని పౌలు రోమీయులకు వ్రాశాడు కదా, 16వ అధ్యాయము చూడండి. ఇరుగుపొరుగుకు భారమవుతామని మొగమాటపడవద్దు. పౌలంతటివాడే ఎదురు వచ్చినవారిని చూచి ధైర్యము తెచ్చుకొన్నాడు.

పట్టణములో స్థిరపడిన సహోదరులారా, మనమందరమూ ఏదో ఒక ఉదయము మూటతో దిగినవారమే. దిగినది ఏ చౌరస్తాలోనో గుర్తు చేసికొనండి. అక్కడికి ఒక్కసారి ఎదురు వెళ్ళండి. త్రిసత్రములు చూడటానికి ఇటలీ దాకా పోనక్కరలేదు.

ప్రభువు మీ రాకపోకలయందు మీకు తోడైయుండును గాక.